డాబా గార్డెన్స్‌లో దూర్బిణీ లేని రోజుల నాటి మెరుపు

ఒరేయ్ చంటీ,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇంట్లో అందరూ బాగున్నారు, అక్కకి ట్రాన్స్‌ఫరైంది, మిగతావి ఫోన్‌లో. ఈ ఒక్కటీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న వాన తెరిపిచ్చిన రాత్రి యారాడ వైపు వెళ్లాం. కొండ అడ్డం రావడంతో ఊరి లైట్లు తగ్గి, సముద్రం మీద ధనూరాశి విడివిడిగా కనబడింది. నువ్వు "బాణం గురి అటే" అనే వాడివే, అటే మన పాలపుంత నడిబొడ్డు, 26 వేల కాంతి సంవత్సరాల దూరం. అక్కడున్న బ్లాక్‌హోల్ బరువు 40 లక్షల సూర్యులంత, అయినా ఇప్పుడు దాదాపు నిద్రలో ఉంది. దాని చుట్టుపక్కల కోట్ల సూర్యుల బరువున్న హైడ్రోజన్ అణు మేఘాలు. ఇలా అణువులుగా ఉన్న చల్లటి హైడ్రోజన్ రేడియోకి చిక్కదు కాబట్టి, అందులో కలిసున్న కార్బన్ మోనాక్సైడ్ పంపే 2.6 మిల్లీమీటర్ల తరంగం పట్టుకుని మేఘాల జాడ తీస్తారు.

ఇప్పుడు విను. అంత చల్లటి మేఘాలకి ఎక్స్‌రేలు వెలువరించే శక్తే లేదు, కానీ వెలువడుతున్నాయిరా! అదీ ఇనుము పరమాణువుని బయటి ఎక్స్‌రేలు తాకితే ఒకే శక్తి దగ్గర కనబడే ప్రత్యేకమైన గీతతో సహా. బ్లాక్‌హోల్ ఒకప్పుడు భగ్గుమని ఉంటుంది, ఆ వెలుగే మేఘాలకి తగిలి ఇటు తిరిగొస్తోందని 1993లోనే రష్యా శాస్త్రవేత్త సున్యాయెవ్ వాళ్లు అన్నారు, సింహాచలం కొండకి తగిలి కేక ఆలస్యంగా వెనక్కొచ్చినట్టు. 2023లో ఎక్స్‌రేలు చూసే ఐఎక్స్‌పీఈ శాటిలైట్ ఆ ఎక్స్‌రేల పోలరైజేషన్, అంటే తరంగాలు ఊగే దిక్కు, కొలిస్తే, అది సరిగ్గా బ్లాక్‌హోల్ వైపే వేలు చూపించింది. మన లెక్కలో సుమారు 200 ఏళ్ల కిందటి మంట అట.

అంటే నేరుగా వచ్చిన మెరుపు మన ముత్తాతల నెత్తి మీదుగా వెళ్లిపోయింది. మన విశాఖ డాబా గార్డెన్స్‌లోని జగ్గారావు గారి అబ్జర్వేటరీ 1840 నాటిది, అప్పటికి అదీ లేదు. ఉన్నా లాభం లేదులే, ఎక్స్‌రేలు గాలి దాటి కిందికి రావు, అసలు అవున్నాయని 1895 దాకా ఎవరికీ తెలీదు. ఎంత బాధేసిందో! దారి చుట్టి వచ్చింది కాబట్టి ఈ మేఘాల్లో మాత్రం మిగిలింది. అదీ ఆగట్లేదు, వాటిలో ఒకటైన సాజిటేరియస్ బీ2 మేఘంలో 2000 తర్వాత వెలుగు తగ్గుతూ వస్తోంది.

అన్నట్టు, అదే మేఘంలో ఇథైల్ ఫార్మేట్ దొరికింది, రమ్ముకి వాసనిచ్చేది. అరకు రాత్రి గుర్తొచ్చిందా? నేనేం రాయను, మీ ఆవిడ చదువుతుందేమో.

ఇంకో మేఘం ఉంది, ఇటుక అంటారు, లక్ష సూర్యుల సరుకుండీ నక్షత్రాలు పెద్దగా పుట్టట్లేదు, ఎందుకంటే అక్కడి గ్యాస్ విపరీతంగా... అయ్యో, కరెంటు పోయింది, ఫోన్‌లో నాలుగు శాతమే ఉంది. పంపేస్తున్నా. రేపు రాత్రి మేడెక్కి దక్షిణం వైపు చూడు, తప్పకుండా!

నీ బాబీ