కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాల అర్జీలు, నీళ్ల ట్యాంకు శుభ్రత, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఈ ఏడాది చెప్పుకోవలసింది కాలనీ పిల్లల చేత రాయించిన పర్యావరణ పోస్టర్ల పని గురించే.

పర్యావరణాన్ని కాపాడమని పీవీసీ ఫ్లెక్సీ మీద అచ్చేయించి, పండగయ్యాక దాన్నే కాల్చి ఆ పొగ పీల్చడంలో అర్థం లేదు. అందుకే కోరా గుడ్డ, డ్రాయింగ్ షీట్లు, బ్రష్షులతోనే చేయాలని కార్యవర్గం తీర్మానించింది. సైన్ బోర్డులు రాసి చెయ్యి తిరిగిన పెద్దాయన ఒకరు పిల్లల చేత అక్షరాలు దిద్దించారు. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరం నుంచి హాయిగా కనిపిస్తుంది, బండి మీద పోయేవాళ్లకు అది చాలదన్నారు. పైగా తెలుగులో గుడులకు పైన, ఒత్తులకు కింద చోటు వదలాలి. దాంతో పోస్టరుకు ఏడెనిమిది మాటలకు మించి పట్టలేదు. అదీ మంచికే.

మొదట వచ్చినవన్నీ 'చెట్లను పెంచండి' బాపతే. ఎవరైనా తలూపి వెళ్లిపోతారు. తర్వాత చోటును బట్టి రాయించాం. చెత్త బండి ఆగే మూలలో: 'అరటి తొక్క పచ్చ డబ్బాలో, పాల ప్యాకెట్ నీలం డబ్బాలో'. మురుగు కాలవ పక్కన: 'కవరు ఇక్కడ వేస్తే నీళ్లు మీ ఇంట్లోకే'. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు దాన్ని విడమరచి చెప్పక్కర్లేదు. టీ అంగడి దగ్గర, 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాల బొమ్మలు గీయించాం. అంగడాయన అడిగి మరీ ఇంకోటి తీసుకున్నారు.

మైదా జిగురుతో అంటించిన వాటిని ఆవులు బతకనివ్వలేదు, కాగితంతో సహా నమిలేశాయి. జిగురులో మైలుతుత్తం కలపమని కొందరు సలహా ఇచ్చారు గానీ, అది పశువులకు విషం కాబట్టి కమిటీ ఒప్పుకోలేదు. ఇప్పుడు కాగితంవి ఆవు మూతికి అందని ఎత్తున అంటిస్తున్నాం, కిందివి గుడ్డ మీద రాసి తాడుతో కడుతున్నాం.

కాలవలో కవర్లు కళ్లకు కనిపించేంత తగ్గాయి. తడి, పొడి చెత్త వేరు చేయడం మాత్రం ఇంకా అంతంతమాత్రమే. అద్దెకుండేవాళ్లు మారినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తోంది, కాబట్టి ఆ పోస్టరు ఒకటి ప్రతి అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పెట్టాలనుకుంటున్నాం. వేసవిలో శేషాచలం అడవిలో మంటల గురించి రాసేవి ఫిబ్రవరిలోపే సిద్ధం కావాలి. రోడ్డువైపు ఖాళీ గోడ ఉన్నవాళ్లు, ఇంట్లో పెయింటు మిగిలినవాళ్లు కార్యదర్శికి ఒక మాట చెప్పగలరు.

ఇట్లు,
కార్యదర్శి