నృత్య విభాగం వార్షిక నివేదిక: జాక్ కోల్ జాజ్ తరగతులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది వారాంతపు తరగతులు ఎక్కువగా అమెరికా నృత్య దర్శకుడు జాక్ కోల్ పద్ధతి మీదే నడిచాయి. కోల్ న్యూజెర్సీలో మన ఎడిసన్ పక్కనున్న న్యూ బ్రన్స్‌విక్‌లో 1911లో పుట్టారు. 1930లో డెనిషాన్ అనే అమెరికా నృత్య బృందంలో చేరారు, తర్వాత అమెరికా నర్తకి లా మేరీ దగ్గర భరతనాట్యం నేర్చి, ఆ నృత్యపు అడుగుల్ని నైట్‌క్లబ్బుల్లో స్వింగ్ అనే జాజ్ సంగీతానికి కట్టారు. రంగస్థల జాజ్ నృత్యానికి ఆయన్ని ఆద్యుడంటారు. న్యూయార్క్‌లోని హార్లెమ్ నల్లజాతి నర్తకుల లిండీ హాప్ నృత్యం లేనిదే ఆ జాజ్ లేదు, ఈ సంగతి తొలి తరగతిలోనే చెప్పాం.

కూచిపూడి వచ్చినవాళ్లకు మెడ పని తేలికే. మెడను పక్కలకు జరిపే సుందరీ గ్రీవకు భుజాలు కదలకూడదని వాళ్లకు తెలుసు. అదే కట్టుబాటు పక్కటెముకలకూ తుంటికీ పెడితే సరిపోయింది.

చిక్కంతా లయ దగ్గరే. స్వింగ్‌లో దెబ్బ "తకిట"గా చీలుతుంది, "కి" మింగేసి "త...ట" అనాలి. పిల్లలు దాన్ని "తక"గా సమంగా కొట్టేసరికి కవాతులా తయారైంది. పైగా నాలుగు దెబ్బల్లో 2, 4 మీద ఉండాల్సిన ఊపు 1 మీద పడింది. కాళ్లు ఆపించి, నోటితో ఆ లయ అక్షరాలు చెబుతూ 2, 4 మీద చప్పట్లు కొట్టిస్తే దారికొచ్చింది.

రెండో తప్పు మోకాళ్లది. సగం కూర్చునే అరమండి అలవాటుతో మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి, పాదాలేమో ముందుకే ఉంటాయి. మెలి మోకాలి మీద పడి లోపలివైపు నొప్పి పుడుతుంది. మోకాలు కాలి రెండో వేలి మీదుగా వంగాలి. మోకాళ్లు వంచి కిందికి దిగి నడిచేటప్పుడు తల ఎగరకుండా అద్దం మీద సుద్దగీత గీశాం.

మోకాళ్ల మీద జారడం మాత్రం హాలు తివాచీ మీద ఆపేశాం. మోకాలి ప్యాడ్ తివాచీకి పట్టుకుపోయి ఒళ్లు ముందుకు తూలుతోంది. చెక్కనేల దొరికాక, తొడల బలంతో మెల్లగా దిగడం ముందు నేర్పాం. మోకాలిచిప్ప మీద ధబ్‌మని పడకూడదు.

కోల్ సహాయకురాలు గ్వెన్ వెర్డన్ తర్వాత నృత్య దర్శకుడు బాబ్ ఫాసీతో పనిచేశారు. ఫాసీ నృత్యాల్లో ఒక్క మణికట్టో ఒక్క భుజమో కదిలి మిగతా ఒళ్లు బిగిసి ఉండే తీరు ఎక్కడిదో ఇక చెప్పక్కర్లేదు. 1953 నాటి హాలీవుడ్ సినిమా "జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్"లో మార్లిన్ మన్రో వజ్రాల పాటకు నృత్యం కోల్ కట్టినదే. సభ్యులు మరోసారి చూసేటప్పుడు పాదాలు వదిలేసి భుజాలు గమనించండి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది తరగతులకు ఎవరి మోకాలి ప్యాడ్లు వారే తెచ్చుకోవాలి. వినైల్ నేల మీదికి గజ్జెలతో రావద్దు, గుంటలు పడుతున్నాయి.