పాత్ర బొమ్మ ఆటగాడే గీసుకోవాలి

సంపాదకులకు,

ఆర్యా,

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడిపించే ఆటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను దాని పేరు కూడా వినని పాఠకులకు అర్థమయ్యేలా పరిచయం చేశారు. అయితే కొత్తగా ఆడేవారు తమ పాత్రకు బొమ్మ ఎలా గీయాలా అని తంటాలు పడనక్కరలేదనీ, ఫోన్‌లో రెండు వాక్యాలు రాస్తే కృత్రిమ మేధ క్షణాల్లో గీసి పెడుతుందనీ వ్యాసం చివర ఇచ్చిన సలహాతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. ఉద్యోగ జీవితమంతా ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు నేర్పినవాడిగా, ఇప్పుడు మనవడూ అతని స్నేహితులూ ఈ ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తున్నవాడిగా, నా అభ్యంతరమేమిటో వివరించడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ ఆటలో ప్రతి ఆటగాడి ముందూ క్యారెక్టర్ షీట్ అనే కాగితం ఉంటుంది. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు అంకెలు వేసుకోవడంతో పాత్ర మొదలవుతుంది. 2014లో వచ్చిన ఐదో కూర్పు షీటు రెండో పేజీలో వయసు, ఎత్తు, బరువు, కళ్లు, చర్మం, జుట్టు రాసుకునే చోటు కింద పాత్ర రూపం కోసం ఒక పెద్ద గడిని ఖాళీగా వదిలారు. ఆ గడి నింపడానికి పెన్సిలు పట్టుకున్నప్పుడే అంకెలు అడగని ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ మనిషిది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? ఒక చేత కత్తి, రెండో చేత డాలు ఉంటే చీకటి గుహలో దివిటీ ఎవరు పట్టుకుంటారు? యాభై అడుగుల తాడు, పది రోజుల తిండి, పది దివిటీలు, పడక చుట్ట అంటూ షీటులో హాయిగా రాసేసుకున్న కుర్రవాడు వాటన్నిటినీ వీపు మీద గీయబోయి, ఇక అమ్ములపొదికి చోటెక్కడని తల పట్టుకోవడం నేను చూశాను. అదే బృందంలో ఒక అమ్మాయికి తన మంత్రగత్తె పాదాలు ఎంత గీసినా కుదరలేదు. చివరికి విసుగెత్తి ఒక పాదానికి గుడ్డ చుట్టినట్టు గీసి ఊరుకుంది. ఆట నడిపే పిల్లవాడు అది చూసి ఆ గాయం ఎలా తగిలిందని అడిగాడు. ఆమె అప్పటికప్పుడు ఏదో చెప్పింది, ఆ తర్వాత చాలా వారాల కథ ఆ గాయం చుట్టూనే తిరిగింది. యంత్రాన్ని అడిగి ఉంటే రెండు పాదాలనూ నున్నగా గీసి ఇచ్చేది. గాయమూ ఉండేది కాదు, ఆ కథా పుట్టేది కాదు.

గీత సరిగా రాదు కాబట్టి గీయడమే మానుకోవాలనుకునేవారు ఈ ఆట ఎలా మొదలైందో తెలుసుకోవాలి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి మూడు పల్చటి పుస్తకాలుగా ఒక పెట్టెలో వెలువడింది. తొలి ముద్రణ 1000 ప్రతులు. పేరున్న చిత్రకారులను పెట్టుకునే స్తోమత లేక లోపలి బొమ్మలన్నీ ఔత్సాహికుల చేతనే వేయించారు. గ్రెగ్ బెల్ అనే యువకుడు పెట్టె కోసం వేసిన గుర్రపు యోధుడి బొమ్మ 1968 నాటి ఒక మార్వెల్ కామిక్‌లోని బొమ్మ చూసి దించినదే. డబ్బుకు అమ్మే పుస్తకంలో అలా దించడాన్ని నేను సమర్థించను. ఇంట్లో కూర్చుని నేర్చుకునే చేతికి మాత్రం చూసి దించడాన్ని మించిన అభ్యాసం లేదని నా విద్యార్థులకు ఎప్పుడూ చెబుతూ వచ్చాను. ఇంకో సంగతి కూడా ఉంది. గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు గల ఔల్‌బేర్, ఇనుమును తుప్పు పట్టించే రస్ట్ మాన్‌స్టర్ ఈ ఆటలో పేరుమోసిన జీవులు. హాంకాంగ్‌లో తయారై చౌక దుకాణాల్లో అమ్ముడైన వింత ప్లాస్టిక్ బొమ్మలను గైగాక్స్ తన ఆటలో వాడుకున్నాడు, 1975లో వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధంలో ఆ జీవులకు నియమాలు రాశాడు. ముందు ఆకారం చేతికి వచ్చింది, స్వభావం తర్వాత పుట్టింది. గుడ్డ చుట్టిన పాదం నుంచి కథ అల్లుకున్న మా పిల్లలు చేసిందీ అదే.

యంత్రం గీసిన బొమ్మల మీద ఈ ఆటల ప్రచురణకర్తలే ఆంక్షలు పెట్టుకున్న విషయం మీ వ్యాసంలో లేదు. ‘పాత్‌ఫైండర్’ ఆటను ప్రచురించే పైజో సంస్థ 2023 మార్చిలోనే అలాంటి బొమ్మలను స్వీకరించబోమని ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో ఒక ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ పుస్తకంలోని కొన్ని బొమ్మలకు కృత్రిమ మేధ సాయం తీసుకున్నట్టు పాఠకులు పసిగట్టడంతో, ఆ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఇకపై తన చిత్రకారులెవరూ దాన్ని వాడరాదని చెప్పవలసి వచ్చింది. వారి బాధ వృత్తికీ హక్కులకూ సంబంధించినది. ఇంట్లో ఆడుకునే పిల్లలకు అది నేరుగా వర్తించదు కాబట్టి ఆ వాదనను ఇక్కడ పొడిగించను.

నిజంగా గీయలేనివారి మాటేమిటని అడగవచ్చు. దాదాపు ప్రతి బృందంలోనూ కాస్త బొమ్మలు వచ్చినవారు ఒకరుంటారు, మిగిలినవారు తమ పాత్రలను వారి చేత గీయించుకుంటారు. యంత్రానికి రెండు వాక్యాలు రాయడానికీ, స్నేహితుడికి నోటితో చెప్పడానికీ తేడా ఏముందంటే, స్నేహితుడు తిరిగి ప్రశ్నలు వేస్తాడు. గడ్డం ఎంత పొడవు, పోరాడేటప్పుడు ముడి వేసుకుంటాడా అని అతను అడిగేదాకా ఆటగాడు ఆ సంగతి ఆలోచించి ఉండడు.

గీయదలచినవారికి మాస్టారిగా రెండు మూడు సూచనలు చేస్తాను. ఈ ఆటలో పొట్టిగా, దిట్టంగా ఉండే డ్వార్ఫ్ అనే జాతి వారు నాలుగైదు అడుగుల ఎత్తు, సుమారు 150 పౌండ్ల బరువు ఉంటారని 2014 నాటి నియమాల పుస్తకం చెబుతుంది. పిల్లలు సాధారణంగా మామూలు మనిషిని గీసి అదే కొలతల్లో చిన్నది చేస్తారు, అప్పుడు డ్వార్ఫ్ బదులు దూరంగా నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. పెద్ద మనిషి ఎత్తు దాదాపు ఏడున్నర తలలు. డ్వార్ఫ్‌కు తల పరిమాణం తగ్గించకుండా కాళ్లు కురచ చేసి, భుజాలు వెడల్పు చేసి, మొత్తాన్ని అయిదు తలల లోపు ఉంచితే ఆ బరువు కంటికి తెలుస్తుంది. చేతివేళ్లు కుదరకపోతే కత్తి పిడి చుట్టూ పిడికిలిగా గీయండి. గీయడం పూర్తయ్యాక ఆకారాన్ని ఇంకొక కాగితం మీద నల్లగా నింపి చూడండి. తోలుబొమ్మలాటలో తెర మీద నీడ పడగానే, మాట వినిపించకముందే, రావణుడెవరో జుట్టుపోలిగాడెవరో తెలిసిపోయినట్టు ఆ నల్లటి ఆకారం చూసి మీ పాత్రను పక్కవారు గుర్తుపట్టాలి.

దుస్తుల విషయంలో మన పిల్లలందరూ ఐరోపా ఇనుప కవచాల దగ్గరే ఆగిపోవడం నాకు కొంత వెలితిగా తోస్తుంది. నియమాలు కవచపు అంకెలను చెబుతాయి గానీ తలపాగా వద్దనవు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది పదహారో శతాబ్దపు వర్ణచిత్రాల్లో పొడవాటి కుళ్లాయిలు, రకరకాల అంచుల చీరలు ఉన్నాయి. రామప్ప గుడి మదనికల్లో ఒకామె కాలికి ఎత్తు మడమల పాదరక్షలు ఉన్నాయి. అక్కడికి వెళ్లినప్పుడు సెల్ఫీలతో పాటు ఒక పెన్సిలు చిత్తుబొమ్మ గీసుకొస్తే అది మంత్రగత్తె చెప్పులకు పనికొస్తుంది.

మీరు ఈ ఆటల గురించి మళ్లీ రాసినప్పుడు, పుస్తకాల అట్టల మీది రంగుల బొమ్మలతో పాటు ఇక్కడి పిల్లలు తమ షీట్లలో గీసుకున్నవి కూడా ఒకటి రెండు, రబ్బరు మరకలతో సహా, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. గీసినవారి పేరుతో పాటు పాత్ర పేరు కూడా వేయండి. మా మనవడి బృందాన్ని బట్టి చూస్తే వారికి రెండో పేరే ముఖ్యం.

ఇట్లు
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు,
తెనాలి