పెద్ద తోటల్లో ఆహార భద్రత: ఫైళ్లు నిండితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పచ్చిగా తినే పండ్లు, ఆకుకూరలు పండించే భారీ తోటల్లో ఆహార భద్రత నిబంధనలు సరిగా అమలు కావడం లేదన్న చర్చ వచ్చిన ప్రతిసారీ, ఇంకొన్ని ఫారాలు, ఇంకొన్ని రిజిస్టర్లు పెట్టడమే పరిష్కారంగా ముందుకు వస్తోంది. రిజిస్టర్లకు కొరత ఎన్నడూ లేదు. 2011లో అమెరికాలోని కొలరాడోలో ఒక తోట నుంచి వచ్చిన కర్బూజా పండ్ల వల్ల లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి 33 మంది మరణించారు. అదే వేసవిలో ఆ తోటకు ప్రైవేటు ఆడిట్‌లో నూటికి 96 మార్కులు వచ్చాయి. ప్యాకింగ్ షెడ్డులో నిలిచిన నీరు, శుభ్రం చేయడానికి వీలు కాని యంత్రాలు జనం జబ్బుపడ్డాక గానీ ప్రభుత్వ అధికారుల నివేదికకు ఎక్కలేదు. ఫీజు ఇచ్చేది తనిఖీకి లోనయ్యే తోటే అయినప్పుడు, పైగా ఫలానా రోజు వస్తామని ముందే కబురు అందినప్పుడు, మార్కులకు అంతకుమించి విలువ ఉండదు.

అయితే ఆడిట్ కంటే పెద్ద చిక్కు కూలి లెక్కలో ఉంది. మరుగుదొడ్డికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని రావాలని, వాంతులో విరేచనాలో అయితే కోతకు రాకూడదని నిబంధన చెబుతుంది. కోసిన పెట్టెల లెక్కన కూలి తీసుకునే మనిషికి మడి చివరన ఉన్న మరుగుదొడ్డికి నడిచి వెళ్లి రావడమంటే కొన్ని పెట్టెల డబ్బు పోవడమే. జబ్బు సంగతి మేస్త్రీకి చెప్పడమంటే ఆ రోజు కూలి మొత్తం వదులుకోవడమే. నోరోవైరస్, హెపటైటిస్-ఎ వంటి వైరస్‌లు చేతుల ద్వారా పంటకు అంటుకుంటాయని శిక్షణ తరగతిలో వినిపించి, సంతకం పెట్టించుకుని, మర్నాడు అదే మనిషిని పెట్టెల లెక్కకు పరుగెత్తించడం నాకు కపటంగానే తోస్తుంది. కూలీలను కాంట్రాక్టరు తెచ్చే చోట ఈ బాధ్యత ఎవరిదో కూడా తేలదు.

నీటి విషయంలో మాత్రం, అది తమ అదుపులో లేదన్న తోటల యాజమాన్యాల మొరలో న్యాయం ఉంది. 2018లో అమెరికాలోని యూమా ప్రాంతపు లెట్యూస్ అనే ఆకుకూర వల్ల ఈ.కోలై బ్యాక్టీరియా వ్యాపించినప్పుడు అదే రకం బ్యాక్టీరియా దొరికింది అనేక పొలాలు వాడుకునే కాలువ నీటిలో. ఇలాంటి బ్యాక్టీరియాను నీటిలోకి చేర్చగల, ఎగువన ఉన్న పశువుల శాలలను కదిలించే అధికారం ఏ తోటకూ ఉండదు. అది ప్రభుత్వాలే చూడాలి.

కోతల సమయంలో ముందు చెప్పకుండా తనిఖీలు జరగాలి, ఆడిటర్ల ఫీజు తోట చేతి మీదుగా కాక ఉమ్మడి నిధి నుంచి అందాలి. చేతులు కడుక్కునే సమయానికీ, జబ్బు సెలవుకూ కూలి చెల్లించడం నిబంధనల్లోనే చేరాలి. ఆ ఖర్చులో వాటా పంచుకోవలసింది, తోటలపై తలా ఒక తనిఖీ జాబితా రుద్దుతూనే ధర తగ్గించమని ఒత్తిడి తెచ్చే పెద్ద కొనుగోలు సంస్థలు.

ఇట్లు
ఒక పాఠకుడు