ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ ఉర్దూ పుస్తకాల గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కాలేజీకి 2029లో నూరేళ్లు నిండుతాయి. ఉత్సవాలు ఎలాగూ జరుగుతాయి. వాటికంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది, అది అడగడానికే రాస్తున్నాను.

1918లో మొదలైన విశ్వవిద్యాలయం పదకొండేళ్లకు ఈ కాలేజీ తెరిచింది. 1908 మూసీ వరద తర్వాత తలపెట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు అప్పటికే పూర్తయ్యాయి. మంజీరా మీద నిజాంసాగర్ పని నడుస్తోంది. ఇంజినీర్ల అవసరం అంతగా ఉన్న రోజులవి.

ఆ కాలేజీలో ఇంజినీరింగ్ ఉర్దూలో చెప్పేవారు. ఈ మాట చెబితే నేటి ఇంజినీర్లు చాలామంది నమ్మరు. పాఠ్యపుస్తకాల అనువాదం కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే సంస్థ పెట్టారు. ఒక్కో సాంకేతిక పదానికి సరైన ఉర్దూ మాట వెతికారు, దొరకకపోతే తయారుచేశారు. ఉర్దూలో కరెంటును ‘బర్క్’ అంటారు, అంటే మెరుపు. మన ‘విద్యుత్తు’కూ అసలు అర్థం మెరుపే! ఈ సంగతి తెలిసినరోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఊళ్ల నుంచి వచ్చిన తెలుగు పిల్లలకు ఉర్దూ పరాయి భాషే. ఆ అన్యాయాన్ని దాచమని నేననను, చరిత్రలో అదీ రాయాలి. 1947లో కాలేజీ ఇప్పటి భవనంలోకి వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక చదువు ఇంగ్లిష్‌లోకి మారింది.

2021లో దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ సంస్థ తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కు అనుమతి ఇచ్చింది. సాంకేతిక మాటల కోసం అప్పుడు దారుల్ తర్జుమా వాళ్లు పడ్డ కష్టమే ఇప్పుడు మన ముందుంది. వాళ్ల పుస్తకాలు మనకు నేరుగా పనికొస్తాయి.

అందుకే అడుగుతున్నాను. ఉర్దూ, తెలుగు రెండూ బాగా వచ్చినవాళ్లనూ, అనుభవమున్న ఇంజినీర్లనూ కలిపి ఒక చిన్న బృందం వేయండి. లైబ్రరీల్లో, పాత ఇళ్లల్లో మిగిలిన ఆ పుస్తకాలను వెతికి స్కాన్ చేయించండి. వాటిలోని సాంకేతిక పదాలకు తెలుగు అర్థాలతో నిఘంటువు వేయించండి. అంతకంటే ముందు, ఉర్దూలో చదివిన ఇంజినీర్లు ఎవరైనా ఉంటే ఇంటికెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేయించండి. 1947లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కూడా 2029 నాటికి నూరేళ్లు వస్తాయి. దయచేసి ఈ ఒక్క పని ఈ నెలలోనే మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సివిల్ ఇంజినీరు, హైదరాబాద్