తేదీ మాత్రం చెప్పు

చిరంజీవి చిన్నీని ఆశీర్వదించి అమ్మ రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలు మునుపటికంటే నయం. అయినా మెట్లు ఎక్కనని భీష్మించుకుని మేడమీది గదిని ప్రసాదుకు వదిలేశారు. నువ్వు ఫోను ఎత్తకపోయినా మెసేజీలకు బొటనవేలి బొమ్మ పంపుతున్నావు కాబట్టి, చేతులైనా బాగున్నాయని సంతోషించాం.

ఊరికే రాయాలనిపించి రాస్తున్నాను, ప్రత్యేకం ఏమీ లేదు. మొన్న వ్రతానికి లలిత వచ్చింది. "చిన్నీని ఉద్యోగంలోంచి తీసేశారటగా, కంపెనీ మీద కేసు వేస్తుందటగా" అని పదిమందిలో అంది. వాళ్ల వాడు అక్కడ ఎవరి దగ్గరో విన్నాడట. అన్నీ తెలిసినదానిలా తలూపి, ఇంకో గరిటె పులిహోర ఆవిడ విస్తట్లో వేశాను. నువ్వు చెప్పేదాకా అడగకూడదనుకున్నాను, అడగడం లేదు కూడా. తీసేసిన తేదీ ఏది? అది మాత్రం చెప్పు.

ఎందుకు అడుగుతున్నానంటే, ప్రసాదు చేత బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు కాగితాలు తీయించి చదివాను. ఉద్యోగ తగాదాలు వినే ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి నీలాంటి వాళ్లకు గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. జూన్ 10న తీసేస్తే సెప్టెంబరు 9 ఆఖరు. ఆ లోపల ముందుగా ఆకాస్ అనే రాజీ సంస్థ‌కు తెలియజేయాలి. వాళ్లు రెండు వైపులా మాట్లాడి రాజీకి చూస్తారు, డబ్బు తీసుకోరు. రాజీ కుదరకపోతే ఒక సర్టిఫికెట్ ఇస్తారు. దాని నంబరు లేకుండా దరఖాస్తు పెడితే తిప్పి పంపేస్తారట. ఆకాస్‌కు చెప్పినప్పటి నుంచి సర్టిఫికెట్ వచ్చేదాకా గడువు లెక్క ఆగుతుంది. కంపెనీలో పెట్టుకున్న అప్పీలుకు మాత్రం ఆగదు. ఈ ముక్క రెండుసార్లు చదువు.

చలికి ఆ పల్చటి కోటుతోనే తిరుగుతున్నావా? ఫోటోలో మెడ దగ్గర బొత్తాం లేదు. సూది దారం నీ పెట్టె అడుగున బిస్కెట్ డబ్బాలో పెట్టాను, చూడనే చూసి ఉండవు.

అప్పీలు అంటే సుబ్బారావు మామయ్య గుర్తొచ్చాడు. నీకు ఆయన పింఛను, పేకాట మాత్రమే తెలుసు. మిల్లులో షిఫ్టు మధ్యలో చెప్పకుండా వెళ్లిపోయాడని చార్జిషీటు ఇచ్చి ఇంటికి పంపారు. అప్పటికి పెద్దాడు చంకలో పిల్లాడు. పైవాడు ఒకాయన, ఎంత మర్యాదస్తుడో, కనబడినప్పుడల్లా "ఎంక్వైరీ జరుగుతోందండీ, తొందరపడి లేబర్ ఆఫీసుకు వెళ్తే పై వాళ్లకు కోపం వస్తుంది" అనేవాడు. మామయ్య నమ్మాడు. మామయ్య ఎవరినైనా నమ్ముతాడు, అది వాళ్ల నాన్న పోలిక. దసరా వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది. చివరికి అత్తయ్యే చీర కొంగు బిగించి లేబర్ ఆఫీసుకు తీసుకువెళ్లింది. అక్కడ రాజీ సమావేశం పెడితే మిల్లు వాళ్లు వాయిదా అడిగేవారు. వచ్చినవాడు నాకు అధికారం లేదనేవాడు. రాజీ విఫలమైందని రిపోర్టు వెళ్లాక, ప్రభుత్వం పంపితే గానీ కోర్టు వినదు, ఫైలేమో సచివాలయంలో నిద్రపోయింది. 1987లో మన రాష్ట్రం చట్టం మార్చి, తీసేసిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకే వెళ్లవచ్చంది. అప్పుడు కదిలింది కేసు. గెలిపించింది ఏమిటనుకున్నావు? ఆ రోజు కడుపునొప్పితో ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లడానికి సూపర్‌వైజరు రాసిచ్చిన గేటు పాసు. అత్తయ్య దాన్ని పాత పంచాంగంలో దాచింది. మిల్లు లాయరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కూర్చున్నాడట. ఉద్యోగం తిరిగి ఇచ్చారు, పాత జీతం సగమే ఇచ్చారు. మామయ్యకు ఫలానా రోజులోపు అనే గడువు లేదు కాబట్టి ఆ మర్యాదస్తుడి మాట విన్నా బతికిపోయాడు. నీకు గడువుంది.

అందుకే కాగితాలు. ఆఫీసు మెయిల్ ఎప్పుడు మూసేస్తారో తెలియదు. ఉద్యోగపు ఒప్పందం, జీతం చీటీలు, తీసేసిన ఉత్తరం నీ దగ్గర పెట్టుకో. కంపెనీ రహస్యాల జోలికి మాత్రం వెళ్లకు, దాని మీద ఇంకో గొడవ లేస్తుంది. ఎవరు ఏ రోజున ఏమన్నారో తేదీ వేసి రాసుకో. నీ యాసను మీటింగులో వెక్కిరించారని నాన్నకు ఒకసారి చెప్పావే, అది కూడా. నువ్వు చేరి రెండేళ్లు నిండలేదు కాబట్టి అన్యాయంగా తీసేశారన్న మామూలు కేసు నీకు కుదరదు. ఎగ్గొట్టిన జీతం, వాడుకోని సెలవుల డబ్బు, నోటీసు జీతం, జాతి వివక్ష, వీటికి ఆ రెండేళ్ల లెక్క లేదు. ఏది అడుగుతున్నావో ముందే తేల్చుకో, కోపమంతా ఒకే కాగితం మీద పోయకు. ఉపన్యాసం ఇవ్వనని నాన్నకు మాటిచ్చి కూర్చున్నాను, ఇక చాలు.

ఇంకొక్కటి. కేసంటే ఇల్లు అమ్ముకోవాలని లలిత అంది. 2013లో అక్కడ ఫీజు పెట్టిన మాట నిజమే, కొన్ని కేసులకు 1,200 పౌండ్ల దాకా అయ్యేది. యూనిసన్ అనే యూనియను పోరాడితే 2017లో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు దరఖాస్తుకు పైసా లేదు. ఓడినా అవతలివాళ్ల లాయరు ఖర్చు మామూలుగా నీ మీద పడదు, మొండిగానో అడ్డగోలుగానో నడిపితే తప్ప. తీర్పులు ఇంటర్నెట్‌లో పెడతారని చదివి రాత్రి నిద్ర పట్టలేదు, రేపు ఉద్యోగమిచ్చేవాడు నీ పేరు వెతికితే ఏమిటని. నాన్న అన్నారు, "గెలిచిన తీర్పు కూడా అక్కడే ఉంటుంది కదే" అని. ఆయనకు అన్నీ తేలికే. ఆకాస్ దగ్గరే రాజీ కుదిరితే తీర్పు దాకా వెళ్లదు, అది నాకు నచ్చింది. తక్కువ ఇస్తే ఒప్పుకోకు.

వీసా ఆ కంపెనీ పేరు మీదే కదా? వాళ్లు ప్రభుత్వానికి తెలియజేశాక, ఉండనిచ్చేది సాధారణంగా 60 రోజులే. కేసు నడుస్తోందని ఆ రోజులు పెరగవు. కాబట్టి ఉద్యోగం వెతుకుతూనే కేసు చూసుకో. అద్దెకు కావాలంటే నాన్న ఖాతాలోంచి పంపుతాం, అడగడానికి సిగ్గుపడకు. తిరిగి వచ్చేస్తానన్నా నీ గది అలాగే ఉంది, ప్రసాదును మేడ మీదికి పంపింది మోకాలి వల్లే, నీ గది కోసం అనుకోకు.

ఆదివారం లోపల తేదీ పంపు. బొటనవేలి బొమ్మ చెల్లదు. పంపకపోతే అత్తయ్య చేత ఫోను చేయిస్తాను, గేటు పాసు కథ ఆవిడ చెబితే ఎంతసేపు పడుతుందో నీకే తెలుస్తుంది.

అమ్మ