జైలు గేటు దాటాక ఎవరిని అడగాలి? మంత్రి గారికి బహిరంగ లేఖ

జైళ్ల శాఖ చూస్తున్న తెలంగాణ రాష్ట్ర మంత్రి గారికి నమస్కారాలు.

జైలు నుంచి విడుదలైన మా తమ్ముడి కష్టాల గురించి ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి రసీదు వచ్చింది గానీ జవాబు రాలేదు. మళ్లీ ఇస్తే సంబంధిత శాఖకు పంపామన్నారు. ఆ సంబంధిత శాఖ ఏదో చెప్పేవాళ్లు లేరు. విడుదలయ్యాక మా బాధ్యత కాదని జైలు వాళ్లంటారు, జైలు విషయం మాకు తెలియదని మిగతా ఆఫీసుల వాళ్లంటారు. అందుకే ఇలా అందరి ముందు రాయాల్సి వచ్చింది.

మా తమ్ముడు శిక్ష పూర్తి చేసుకుని బయటికి వచ్చాడు. కోర్టు వేసిన శిక్ష మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. లోపల కార్పెంటరీ నేర్పించారు, అందుకు మీ శాఖకు దండం పెడతాను. హైదరాబాద్ చంచల్‌గూడలో మీ శాఖ నడిపే పెట్రోల్ బంకులో మీరు విడుదలైన వాళ్లకు కూడా పని ఇస్తున్నారని అందరికీ తెలుసు. రోజూ డబ్బు చేతులు మారే చోట వాళ్లను నమ్మి నిలబెట్టారంటే అది చిన్న విషయం కాదు. కానీ విడుదలైన వాళ్లందరికీ బంకుల్లో చోటు ఉండదు కదా సార్. మిగతా వాళ్ల సంగతేమిటి?

మా వాడి సంగతి చెప్తాను. అరెస్టయ్యాక రీఛార్జ్ చేసేవాళ్లు లేక సిమ్ ఆగిపోయింది. ఆ నంబర్‌ను కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసింది. ఆధార్‌కు, బ్యాంకుకు లింక్ అయి ఉన్నది ఆ నంబరే. ఇప్పుడు ఏ పని మీద వెళ్లినా ఓటీపీ ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌కు పోతుంది. కొత్త సిమ్ తీసుకుందామంటే వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి రంపం, చిత్రిక పట్టిన చేతులవి, బొటనవేలి మీద గీతలు దాదాపు అరిగిపోయాయి. మిషన్ మీద వేలు పెడతాడు, ఎర్ర లైటు వెలుగుతుంది, తుడుచుకుని మళ్లీ పెడతాడు. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటుంటే తల దించుకుని పక్కకు వచ్చేస్తాడు. ఆధార్ సెంటర్లో కళ్లు స్కాన్ చేసే మిషన్ పాడైంది, తర్వాత రమ్మన్నారు. రెండేళ్లు లావాదేవీలు లేని బ్యాంకు ఖాతా ఎలాగూ నిలిచిపోతుంది, దాన్ని మళ్లీ తెరవాలంటే కేవైసీ, అంటే గుర్తింపు తనిఖీ కావాలి, దానికి ఆధార్ అడుగుతున్నారు. లోపల కష్టపడి సంపాదించిన కూలీ డబ్బు చెక్కు రూపంలో ఇంట్లో ఉంది. అది వేసుకోవడానికి ఖాతా లేదు.

వాడికి ముందు నుంచీ డ్రైవింగ్ వచ్చు. లైసెన్స్ గడువు వాడు లోపల ఉండగానే అయిపోయింది. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ టెస్ట్ పాస్ కావాలని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. జైల్లో ఉన్న మనిషి ఆ ఏడాదిలోపు వచ్చి రెన్యువల్ ఎలా చేయించుకుంటాడు? రూల్ రాసినప్పుడు జైల్లో ఉన్నవాళ్లు ఎవరికీ గుర్తుకు రాలేదు.

కార్పెంటరీ పనికి వెళ్తే, పెద్ద షాపుల వాళ్లు పోలీస్ వెరిఫికేషన్ అడుగుతారు. అందులో పాత కేసు బయటపడుతుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. నేరం చేసిన పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 చాలామందికి ఆ మచ్చ చెరిపేస్తోంది. జైలు శిక్ష పడిన పెద్దవాళ్లకు అలాంటిది లేదు. ఎన్నేళ్లు బుద్ధిగా బతికినా లేదు. పండగొస్తే స్టేషన్‌కు రా, ఎలక్షన్లొస్తే స్టేషన్‌కు రా అంటారు పోలీసులు. ఆ రోజు కూలీ పోతుంది, వీధిలో పరువూ పోతుంది. పిలుపు వస్తుందేమోనని మా అమ్మకు ముందు రోజు నుంచే టెన్షన్.

మీకు తెలియనివి ఏమీ లేవు. విడుదల తర్వాతి సంరక్షణ గురించి 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్‌లో, అంటే కేంద్రం తయారుచేసిన జైళ్ల నమూనా నియమావళిలో ఒక అధ్యాయమే ఉంది. 1894 నాటి జైళ్ల చట్టం స్థానంలో తెచ్చుకోండని 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టంలోనూ పునరావాసం మాట ఉంది. జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి చేయాల్సింది మీరే.

బడుల్లో ఆధార్ క్యాంపులు పెడుతున్నారు. అలాగే విడుదలకు రెండు మూడు నెలల ముందు ఆ మిషన్‌ను జైలుకే పంపించండి. వేలిముద్ర పడకపోతే కళ్లు స్కాన్ చేయించండి. బ్యాంకు వాళ్లను పిలిపించి ఖాతా తెరిపించండి. లైసెన్స్ గడువు లెక్కలో జైల్లో ఉన్న కాలం తీసేయమని రవాణా శాఖతో, కేంద్రంతో మాట్లాడండి. బయటికి వచ్చాక మొదటి ఏడాది ఫలానా ఆఫీసులో ఫలానా అధికారిని కలవండని విడుదల పత్రం మీదే రాయించండి. తప్పు చేయనప్పుడు స్టేషన్‌కు పిలవొద్దని పోలీసులకు చెప్పించండి. ఇవన్నీ ఒకేసారి కాకపోతే ముందు ఆ ఆధార్ పని చేయించండి సార్, మిగతావన్నీ దాని దగ్గరే ఆగిపోతున్నాయి.

కావాలని తప్పుదారి పట్టేవాళ్లు ఉండొచ్చు. మా వాడు పొద్దున్నే లేచి పని వెతుక్కుంటూ వెళ్తున్నాడు. వాడి పాత స్నేహితులు ఏ కాగితాలూ అడగకుండా డబ్బు ఇస్తామంటున్నారు. ఇప్పటిదాకా వద్దంటూనే ఉన్నాడు. ఇంకెంతకాలం అలా అనగలడోనని భయంగా ఉంది. దయచేసి ఈసారైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
విడుదలైన ఒక ఖైదీ అక్క